తూకం దగ్గర మనిషి

ముందే ఒక మాట: నేను బీదవాణ్ణి కాను.
సరస్సులో నాకో చిన్న పడవ ఉంది, దాని అప్పు కూడా తీరిపోయింది.
జీతం గురించి డాక్టరు నోరెత్తితే
జనం ముందు ఆ పడవ వైపే చూస్తారు.
చూడనీ.

తూర్పు కెంటకీలో, రెండు కొండల నడుమ,
పొద్దెక్కితే గాని ఎండ దిగిరాని లోయలో
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊపిరితిత్తులు వింటున్నాను.
బొగ్గు చప్పుడు నా చెవులకి తెలుసు.
ఎండుటాకుల మీద ఎవరో
చెప్పులు విప్పి నడుస్తున్నట్టుంటుంది.

పోయిన మంగళవారం ఓర్ఫా స్టిడమ్ వచ్చింది.
మొగుడు పోయి పదకొండు రోజులు.
నిద్రమాత్ర అడగడానికొచ్చి
అతని టిఫిన్ డబ్బా ఇంకా కడగలేదని చెప్పింది.
నలభై నిమిషాలు.
ఆమె వెళ్ళాక కంప్యూటరులో కోడ్ వెతికాను.
దుఃఖానికుంది. వినడానికి లేదు.
తర్వాత ఎవరో కుర్రాడి బొటనవేలి మీద పులిపిరి కాల్చాను,
అరనిమిషం.
దానికే ఎక్కువ పడింది.

సంస్కరణ అన్నారు.
మొదట్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.
అబద్ధమెందుకు, గుమ్మం దాకా వచ్చి జేబు తడుముకుని
వెనుదిరిగినవాళ్ళు
ఆ ఏడు కార్డు పట్టుకుని లోపలికొచ్చారు.
కార్డు వెనకే తెర వచ్చింది.
తెర నిండా గడులు,
గడులు నింపామో లేదో చూడ్డానికొక ఆఫీసు,
ఆ ఆఫీసు అద్దె ఎవరి లెక్కలోదో నాకిప్పటికీ తెలీదు.
ఇప్పుడు రోగులు నన్ను వీపు చూసి గుర్తుపడతారు.

"ఎంతమందిని చూశారని కాదు డాక్టర్,
ఇకపై ఫలితాన్ని బట్టే జీతం"
లెక్సింగ్టన్ నుంచి డెల్ఫీన్ రస్క్ ఫోను.
ఎంత చక్కని మాట!
నా రోగుల చక్కెర దిగలేదట. నూటికి అరవై రెండు. బోనస్‌లో కోత.
సరుకుల కొట్టు మూతపడి మూడేళ్ళయిందమ్మా,
పెట్రోలు బంకులో దొరికిందే మావాళ్ళ పగటిభోజనం, అన్నాను.
"దానికి గడి లేదండీ" అంది,
పాపం, నిజంగా నొచ్చుకుంటూనే.
మోకాలికీ బోడిగుండుకీ ముడేసి
ఆ ముడికి నాణ్యత అని పేరు పెట్టారు.

నిన్న ఈ గోడంతా హోబర్ట్ నోబుల్ దగ్గర వెళ్ళబోసుకున్నాను.
తప్పే. రోగి అతను.
ముక్కున ఆక్సిజన్ గొట్టంతో నవ్వాడు,
నవ్వు మధ్యలో దగ్గు,
దగ్గు అయ్యాక మిగిలిన నవ్వు.
"మా తాతకి టన్నుకింతని ఇచ్చేవాళ్ళు.
బండిలో ఒక్క రాయి కనబడిందా,
బండెడు బొగ్గుకీ సున్నా.
కొట్లాడి కొట్లాడి
కాటా దగ్గర మా మనిషినొకణ్ణి నిలబెట్టుకున్నాం.
వాడి కూలి మా జేబుల్లోంచే.
మీ కాటా దగ్గర ఎవరున్నారు డాక్టర్?"

ఊపిరి పీల్చమన్నాను.
వదలమన్నాను.
ఎండుటాకుల మీద ఆ నడక
పోయిన నెలకంటే దగ్గరగా.

తెర మీద ఎర్రగా అడుగుతోంది:
పొగ మానమని చెప్పారా?
హోబర్ట్ జన్మలో చుట్ట ముట్టలేదు.
కాదు అని నొక్కితే నా మార్కు పోతుంది.
వేలు గాల్లోనే ఆపి
ఇంకొక్కసారి పీల్చమన్నాను.