మూడంకెలు

రాజాం డిగ్రీ కాలేజీలో
ఎవరూ చెయ్యెత్తకపోతే
నేను క్లాసు ప్రతినిధినయ్యాను.
ఆ రోజు ముందు బెంచీలో కూర్చోవడమే నా అర్హత.

ప్రిన్సిపాల్ గదిలో మెత్తటి కుర్చీ, ఉప్పు బిస్కెట్లు.
"చెప్పమ్మా, సమస్యలేమైనా?"
చున్నీ కింద చెమటకి తడిసిన కాగితం,
పదకొండు సంగతులు, పదకొండు చేతిరాతలు.

వాళ్ళిచ్చిన ఫారంలో గడులున్నాయి:
బోధన బాగుందా, చాలా బాగుందా.
వంగర బస్సుకి గడి లేదు.
నాలుగూ పదికి అది వెళ్ళిపోతుంది,
ల్యాబు నాలుగున్నరకి వదుల్తారు.
రంగు మారకముందే పరీక్షనాళిక కడిగేసి
పరిగెత్తే ఢిల్లేశ్వరి
"నా పేరు సెప్పకే, మార్కులు ఆల సేతిలోనే ఉన్నాయి" అంది.

పేరు చెప్పకుండా మనిషిని ఎలా చెప్పాలి?
బస్సు గురించి మాట్లాడబోయి
ఊరంతా తిరిగొచ్చాను.
ఒకాయన వాచీ చూసుకున్నాడు.

మినిట్స్ పుస్తకంలో ముందే రాసుంది:
"విద్యార్థులు సంతృప్తి వ్యక్తపరిచారు."
సంతకం పెట్టాను. పెట్టి,
కింద మిగిలిన సందులో
4.10 అని రాశాను.
ధైర్యమంటూ ఆ రోజు నా దగ్గర
మూడంకెలే ఉన్నాయి.

ఢిల్లేశ్వరికి ల్యాబులో అత్తెసరు మార్కులు.
ఇప్పుడు బొబ్బిలిలో
మందుల షాపులో బిల్లులు కొడుతోంది.

మొన్న అదే బస్సులో
పక్కన కూర్చున్న పిల్ల వేళ్ళ మీద
సిల్వర్ నైట్రేట్ నల్లమచ్చలు.
"ల్యాబు పూర్తిగా అయిందేటే?"
"మాకు పొద్దున్నే కదక్కా" అంది,
ఎప్పుడూ అలాగే ఉన్నట్టు.