జల్లెడలో సిగ్నల్

గుణుపురం బజారులో మా డీటీపీ కొట్టు.
తెలుగులో శుభలేఖ, ఒరియాలో నిమంత్రణ,
సవర పెళ్లికి మాత్రం
అక్షరాలు చేత్తో రాసి, ఫొటో తీసి అతికించేదాన్ని.
పాత కంప్యూటర్‌కి ఆ లిపంటే
వరసగా ఖాళీ గళ్లే,
అద్దెకి ఎవరూ దిగని గదుల్లా.

అందుకే లినక్సుకి మారాను.
డబ్బు కట్టక్కర్లేదని కాదు. (అదీ ఉందిలే.)
ఈ గీత ఇలా ఎందుకు వంగిందని అడిగితే
లోపలి కాయితం విప్పి చూపిస్తాది.
అన్నీ కుదిరాయి,
గాలిలో వచ్చే నెట్టు తప్ప.

రాయగడ బస్సెక్కి కొన్నాను మొదటిది.
గోరంత ఉంది, నాలుగొందల యాభై.
లోపల చిప్పేటి బాబూ అంటే
హోటల్లో వంటాయన ఇంటిపేరు అడిగినట్టు చూశాడు.
"అన్నిటికీ పని చేస్తాది మేడమ్"
అన్నిటిలో నాది లేదు.
గుచ్చగానే తెర మీద ఒక్క ముక్క:
ఫర్మ్‌వేర్ దొరకలేదు.

ఫర్మ్‌వేరంటే మా అత్తకి ఇలా చెప్పాను:
సంతలో మందులాయన పొట్లం ఇస్తాడు చూడు,
ఏ ఆకు నూరాడో చెప్పడు,
మింగాల్సిందే.
"మింగకపోతే?"
మింగకపోతే నెట్టు లేదు.
"మింగెయ్యే మరి" అంది, వక్క నములుతూ.
మింగలేదు.

రెండోది పోస్టులో తెప్పించాను.
పనిచేస్తుందని ముందే కనుక్కున్న పేరే,
అదే పెట్టె, అదే నలుపు, అదే తోక.
అడుగున చీమతలంత అక్షరాల్లో: వెర్షన్ రెండు.
లోపల చిప్పు మార్చేశారు.
మేళం పేరు పాతదే,
సన్నాయి పట్టినోడు కొత్తోడు.
వెనక్కి పంపితే డబ్బు రావడానికి పందొమ్మిది రోజులు.

అప్పుడొచ్చింది సుబాసి రైకా,
కొండమీది హాస్టల్ టీచరు,
నోటుబుక్కులో ఒకటో తరగతి వాచకం రాసుకుని.
"సోమవారానికి అరవై కాపీలు దీదీ.
ఫొటోలొద్దు. నిజం అక్షరాలు."
ఫాంటు దించుకోవాలి.
గురువారం అది.

శుక్రవారం పొద్దున్న పాసింజరులో పర్లాకిమిడి.
కొమ్ముతో కొంగలు చెక్కే సందులో
దండపాణి రిపేరు కొట్టు.
పెట్టె మీది పేరు చెప్పలేదు ఈసారి,
బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాను:
తొమ్మిది, రెండు, ఏడు, ఒకటి.
ఆయన కళ్లజోడు పైకి తోసి
పాత మౌసుల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.
గీతలు పడ్డది, మూత లేనిది, యాంటెన్నాకి టేపు చుట్టింది.
ఎవరో అమ్మేసి ఎన్నేళ్లయిందో.
"నూట ఇరవై ఇయ్యండి. ఇది అడిగినవాళ్లు మీరే."

గుచ్చాను.
ఏమీ అడగలేదు.
సీడీ లేదు, సంతకం లేదు, పొట్లం లేదు.
పచ్చ దీపం ఒకసారి ఆగి, మళ్లీ వెలిగింది.

పాతది కదా, దూరం లాగలేదు.
మేడమీది మెకానిక్కు ఫోనుదే మా నెట్టు.
పొడుగు వైరు వేసి కిటికీ ఊచకి కట్టాను,
వెనకాల అత్త పిండి జల్లెడ, స్టీలుది, నిలబెట్టి.
రెండు గీతలు నాలుగయ్యాయి.
వంశధార మీంచి గాలి కొడితే మూడు.

ఆదివారం రాత్రి పదకొండింటికి
ఖాళీ గళ్లలోకి ఒక్కొక్క అక్షరం దిగింది.
సుబాసి తెర దగ్గరగా మొహం పెట్టి,
వేలు తగలకుండా, చదివింది.
నాకు చదవడం రాదు. విన్నాను.

అరవై కాపీల్లో నాలుగింటికి ఇంకు అలికింది.
డబ్బు హాస్టల్ వాళ్లు ఇంకా ఇవ్వలేదు.

కొట్టు తలుపుకి ఇప్పుడో కాయితం అంటించాను:
బియ్యప్పిండి జల్లించే రోజు
నెట్టు పనులు మధ్యాహ్నం తరవాతే.