నాలుగో జవాబు

కనిగిరి దాటాక వెలిగండ్ల రోడ్డు మీద
తొమ్మిదిన్నరకే స్కూటీ సీటు కాలుతోంది.
డిక్కీలో చార్జరు, రెండు సిమ్ములు,
ఎర్రగా ఉన్న బడుల పేర్ల కాగితం.
ఎర్రగా ఉండటమంటే
ఆరోగ్య విద్య ఆన్‌లైన్ కోర్సు
అక్కడి సార్లు ఇంకా తెరవలేదని.
సాయంత్రానికి వాటిని పచ్చగా చెయ్యడం నా ఉద్యోగం.

ఈ బడికి ఒక్కరే, మాలకొండయ్య సారు.
బోర్డు మీద ఆయన అక్షరం గుండ్రంగా ఉంటుంది,
ఎక్కడా వణకదు.
తెర మీద మాత్రం అదే వేలు
వేడి పెనాన్ని తాకినట్టు
పెట్టగానే వెనక్కొస్తుంది.
"గట్టిగా నొక్కితే పగిలిద్దేమో పాపా?"
పగలదు సార్.
"వెనక్కి పోవాలంటే?"
ఈ బాణం.
"పొయ్యింది మళ్ళా వచ్చిద్దా?"
వస్తుంది సార్. ఇందులో అయితే వస్తుంది.

సిగ్నలు నీళ్ళ ట్యాంకు మెట్ల మీద, మూడో మెట్టు.
రెండో మెట్టు మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది,
నాలుగో మెట్టు మీద ఎండ.

ఓటీపీ వచ్చేది బడి ఫోనుకి,
బడి ఫోను వంటగదిలో మస్తానమ్మ దగ్గర.
మస్తానమ్మకి అంకెలు రావు, ఆకారాలొచ్చు.
"ముందొక గుంజ. పక్కన కొడవలి.
ఒకదాని మీదొకటి రెండు సున్నలు.
మళ్ళా గుంజ. ఆ పక్కన తోక ఏలాడే సున్న..."
ఆరోది చెప్పేలోపు గడువు తీరింది.
రెండోసారి ఐదో తరగతి వెంగమాంబ
అరచేతిలో పెన్నుతో రాసుకుని పరిగెత్తుకొచ్చింది.
చెమటకి చెరగకముందే
తలుపు తెరుచుకుంది.

మొదటి పాఠం చేతులు కడగటం. రెండోది తిండి.
మూడోది ఆడపిల్లల నెలసరి.
సారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు, తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు.
"ఇది మీరు చూసుకుంటే పోలా?"
పూర్తిగా చూస్తేనే నాలుగోది తెరుచుకుంటుంది సార్.
చూశాడు, పరీక్ష రాసేవాడిలా తలొంచుకుని.
అయ్యాక అడిగాడు:
"మన ఆడపిల్లల దొడ్డికి గడియ లేదు. రేపు పెట్టిస్తా.
దీంట్లో ఆ మాట యాడ రాయాల?"
రాయడానికి లేదు సార్.
'తరువాత' అని ఉంది చూడండి, అది నొక్కండి.

నాలుగోది పళ్ళు.
బొమ్మ పిల్లాడు నవ్వాడు, నోరంతా సున్నం కొట్టినట్టు.
ప్రశ్న: పళ్ళ రంగు మారడానికి కారణమేమి?
ఒకటి, సరిగా తోమకపోవడం.
రెండు, తీపి తినడం.
మూడు, పై రెండూ.

సారు నొక్కలేదు.
కింద ఇంకా ఉందేమోనని తెరని పైకి తోశాడు.
"నాలుగోది యాడమ్మా?"
మూడే సార్.
అప్పుడు నా వైపు తిరిగి నవ్వాడు,
పొద్దుటి నుంచీ మొదటిసారి పెదాలు విడదీసి.
పళ్ళకి అడ్డంగా గోధుమరంగు చారలు,
బానలో నీళ్ళు తగ్గేకొద్దీ మిగిలే గీతల్లా.
ఈ ఊళ్ళోనే పుట్టాడు, ఈ బోరు నీళ్ళే తాగాడు.
మెట్ల కింద వరసగా కూర్చున్న పిల్లలూ
నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వాళ్ళే.
ఇందాక దాన్ని సిగ్గనుకున్నాను.

మూడోది నొక్కండి సార్, అన్నాను.
పై ఆఫీసు నుంచి అప్పటికే రెండు మిస్డ్ కాల్స్.
నొక్కాడు.
తెర పచ్చబడింది. ఫోనులోంచి చప్పట్లు.
ఏం గెలిచామో తెలియకపోయినా
కింద పిల్లలూ కొట్టారు.

సారు దిగి గదిలోకి పోయాడు.
ప్రశ్నంతా బోర్డు మీద రాశాడు, ఆ గుండ్రటి అక్షరంతో.
మూడు జవాబులూ రాశాడు.
కింద నాలుగు అని అంకె వేసి
సుద్దముక్క వెంగమాంబ చేతికిచ్చాడు.

నా కాగితంలో 'ఇబ్బందులు' అని ఒక గడి.
ప్రతి బడి దగ్గరా అందులో సిగ్నల్ అని రాస్తాను.
ఇవాళా అదే రాశాను.
రాసి, పెన్నుకి మూత పెట్టకుండా చాలాసేపు నిలబడ్డాను.

బయల్దేరుతుంటే మస్తానమ్మ సీసా అందించింది.
"క్యాను నీళ్ళులే, తాగు. మా బోరు నీకు పడదు."
ఆమె వెనక పొయ్యి మీద
అరవై మంది అన్నానికి ఎసరు మరుగుతోంది.
అది ఏ నీళ్ళో
నేను అడగలేదు.