తర్జుమా

కీల్పాక్ ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు,
పదకొండో నంబరు మంచం.
పెంచలయ్య ఎడమ చెయ్యి మోచేతి దాకా
మిక్చరు కొట్టు బాణలి తినేసింది.
కట్టు విప్పే వేళకి
నా చెప్పుల చప్పుడుకే అతనికి చెమటలు పడతాయి.
నేనింకా ట్రాలీ ముట్టుకోనే లేదు.
నొప్పి నాకన్నా ముందే డ్యూటీ ఎక్కుతుంది.

డాక్టర్ తిలకవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.
"ఇవాళ మందుతో పాటు మాట కూడా" అంది అరవంలో,
"నాకు మీ తెలుగు రాదు.
నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు.
గొంతు పెంచకు. తొందరపడకు."

మెరీనాలో ఉన్నావు, సాయంకాలం,
చల్లటి అల నీ వేళ్ళ సందుల్లోంచి పోతోంది.
చెప్పినట్టే చెప్పాను.
అతని కళ్ళు నా చేతిలో పటకారు వదల్లేదు.
అల రాలేదు.
ఇరవై ఏళ్ళు వ్యాసర్‌పాడిలో
పొయ్యి ముందు నిలబడ్డవాడికి
మెరీనా ఎప్పుడు ఎదురైందని?

అప్పుడు, చెయ్యకూడని పని, సొంతంగా అడిగాను:
ఈ ఊరొచ్చిన కొత్తలో ఏం చేసేవాడివయ్యా?
"కాసిమేడులో ఐసు మోసినా, సిస్టర్."

అంతే, తర్జుమా వదిలేశాను.

తెల్లారుజాము మూడు.
రంపప్పొట్టు అంటిన దిమ్మ. కింద గోనెపట్టా.
నీ ఎడమ భుజం మీదికి ఎత్తారు.
నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి.
ముందు మంట. ఐసుదీ మంటే కదా.
తరవాత తిమ్మిరి.
తరవాత ఆ చెయ్యి నీది కాదు, బోటు వాళ్ళది.
వాళ్ళకే వదిలెయ్.

రెప్పలు దిగాయి.
తెర మీద అంకె నూట పద్దెనిమిది,
నూట నాలుగు, తొంభై ఆరు,
మెట్టు మెట్టుకీ ఆగే ముసలావిడలా
ఎనభై రెండు దాకా దిగి కూర్చుంది.
మే నెల. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది.
కాలని కుడి చేతి మీద
వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

సెలైన్‌తో తడిపి పొరలు పొరలుగా తీశాను.
మధ్యలో ఎవరో స్టీలు ట్రే జారవిడిచారు.
అతని రెప్పలు అదిరాయి.
తరవాత అడిగితే, "ఏం ట్రే?" అన్నాడు.
ఒళ్ళు విన్నది, అతను వినలేదు.
నేను మాట్లాడింది వాళ్ళిద్దరిలో ఎవరితోనో.

ఐదు లెక్కపెడితే లేవాలి.
మూడు దగ్గరే కళ్ళు తెరిచి
"కూలి ఇయ్యలేదు సిస్టర్" అన్నాడు.

"అలే చెప్పావా, ఇంత సేపూ?" అంది డాక్టరమ్మ.
"అలే, మేడమ్."

గేటు బయట నిమ్మసోడా వాడు కత్తి ఎత్తాడు.
కాయ తెగకముందే నా నోరూరింది.
దానికెవరు చెప్పారు? ఏ భాషలో?

పెరంబూరులో, రాత్రి, అట్ల పెనం పొయ్యి మీద.
ఐసు, ఐసు అనుకుంటూ వేలు దగ్గరికి తీసుకెళ్ళాను.
నన్నడక్కుండానే చెయ్యి వెనక్కొచ్చింది.
నా గొంతు నా చేతికి
మరీ తెలిసిన గొంతు కాబోలు.

స్నానానికి పోతే
ఎడమ భుజం మీద జాకెట్టు తడిసి ఉంది.
చెమటే.
ఈ ఊళ్ళో ఇంకేం అవుతుంది?
రంపప్పొట్టు ఉందేమోనని మాత్రం
ఒకసారి తడుముకున్నాను.