అరిగిన చోటు

ఫర్కర్ గెడ్డీస్ బూట్లు విప్పి నా బల్ల మీద పెట్టాడు,
పశువుల డాక్టరు ముందు ముసలి కుక్కను పెట్టినట్టు.
"మేకులు మార్చు ఎఫీ. అంతే."
ఆ "అంతే" మీద కాస్త బరువేసి అన్నాడు.

బయట ఉత్తర సముద్రపు గాలి
పద్దెనిమిదో గుంత జెండాను వంచి వదులుతోంది.
రేకు కప్పు కింద నా కొట్టు:
జిగురు, మైనం, తోలు కోసే కత్తి,
పాత బిస్కట్ల డబ్బా నిండా
బూట్ల అడుగున బిగించే ప్లాస్టిక్ మేకులు.

మేకులు మార్చడం ఎంతసేపు!
రెంచీ పెట్టి తిప్పితే ఊడొస్తాయి.
ఎడమ బూటులో మూడు రాలేదు.
పట్టు దొరికే గాడే నున్నబడిపోయింది.
మడమ దగ్గర లోపలి గుడ్డ చినిగి అట్ట బయటపడింది.
టార్చి లైటు లోపల పెట్టి చూస్తే
వేళ్ళ మడత పొడుగునా
తలుపు సందులోంచి వచ్చినట్టు సన్నటి వెలుతురు.

"లోపలికి తడి వస్తోందా?"
"మంచు కురిసిన పొద్దున మాత్రమే."
"ఈ ఊళ్ళో మంచు కురవని పొద్దు ఎప్పుడొచ్చింది?"
ఆయన కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు,
జవాబు దానిదే అయినట్టు.

ఎప్పుడు మార్చాలి అని అందరూ అడుగుతారు.
కొందరు ఆటలు లెక్కపెడతారు.
కొందరు జారేదాకా ఆగుతారు.
బెథియా రెన్నీ పదకొండో గుంత వాలులో జారి
మణికట్టు విరిగాక కొంది.
పిండికట్టుతోనే వచ్చింది.
లేసులు నేనే కట్టాను.

నాకు లెక్కలు తెలీవు.
బూటు తిరగేసి అరిగిన చోటు చదువుతాను.

కుడిచేతి ఆటగాడు బంతిని కొట్టాక
ఒళ్ళంతా ఎడమకాలి మీదికి వెళ్ళిపోతుంది.
వెనక మిగిలిన కుడికాలు
మునివేళ్ళ మీద లేచి నేలను గీరుతుంది.
పంతొమ్మిదేళ్ళుగా ఈయన జతలన్నీ
కుడి ముక్కు గీరుకుపోయే నా దగ్గరికొచ్చాయి.

ఈ జతకూ ముక్కు మీద గీతలున్నాయి.
అన్నీ పాతవి. పాలిష్ పూడుకుపోయి నల్లబడ్డవి.
కొత్త గీత ఒక్కటీ లేదు.
కొత్త అరుగుదలంతా మడమదే,
ఓ పక్కకి ఏటవాలుగా,
వాడి వాడి మిగిలిన సబ్బుబిళ్ళలా.

చెప్పనా, మేకులు బిగించి డబ్బు తీసుకోనా?
రెంచీని రెండుసార్లు తుడిచాను.

"ఫర్కర్, కొట్టాక నువ్వు లేవడం లేదు."
"ఎక్కడ లేవడం లేదు?"
"కుడి మడమ. నేలకే ఉండిపోతోంది."

ఆయన చెయ్యి తుంటి మీదికి వెళ్ళింది,
జేబులో పర్సు ఉందో లేదో తడుముకున్నట్టు.
చాలాసేపు రేకు మీద గాలే మాట్లాడింది.
"చలికాలం నుంచి," అన్నాడు.
"ఇంట్లో చెప్పలేదు."

అరలో ఆయన కొలత జత ఉంది.
మొన్ననే వచ్చింది, కాగితం కూడా విప్పలేదు.
ఆయన అటు చూశాడు. నేనూ చూశాను.
ఈ నెల అద్దె అందులోనే ఉంది.

"ఇప్పుడు కొనకు," అన్నాను.
"ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు.
తుంటి బాగయ్యాక అడుగు మారుతుంది.
ఇవాళ కొంటే ఈ కుంటునడకకి కొన్నట్టు."

"అయితే మార్చాల్సింది వీటిని కాదంటావు."
"వీటినీ."

నవ్వాడు. పళ్ళు కనిపించేంత కాదు.
మూల నున్న నా రబ్బరు బూట్లు తొడుక్కుని
వర్షంలోకి దిగాడు,
ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో.

తలుపు వేస్తూ కింద చూశాను.
మేజోళ్ళతో ఆయన నిలబడ్డ చోట
చెక్క మీద రెండు తడి గుర్తులు.
ఎడమది పాదం నిండా.
కుడిది మడమ వరకే.