ఫోన్ల ట్రే

విల్మింగ్టన్‌లో దివాలా కోర్టుకి ఎదురుగా
పద్నాలుగో అంతస్తు.
వేలం గదిలోకి ఫోన్లు పట్టుకెళ్లకూడదు.
వచ్చినవాళ్ల దగ్గర ఫోను పుచ్చుకుని టోకెనివ్వడం,
పోయేటప్పుడు టోకెను పుచ్చుకుని ఫోనివ్వడం,
ఆ నాలుగు రోజులూ అదీ నా ఉద్యోగం.

తెర మీద వేలు ఎడమకి జారిస్తే ఎవరి సొత్తు,
కుడికి జారిస్తే ఎవరి సొత్తని
టెక్సస్‌లో ఒక దావా, మ్యూనిక్‌లో ఎదురు దావా,
ఒకడున్న లిఫ్టు ఇంకొకడు ఎక్కనివాళ్లు
ఇవాళ ఒకే టాక్సీలోంచి దిగారు.
ఒకాయన కోటు విప్పుకుంటుంటే
పక్కాయన ఫైలు పట్టుకున్నాడు.

పాలివాళ్లు ఎన్ని కోర్టులెక్కినా
పదోరోజు ఒకే పంక్తిలో కూర్చుంటారని
మా మేనత్త అనేది.

పోయినది కెస్లర్-డన్ రేడియో కంపెనీ.
ఫ్యాక్టరీ అమ్మేశారు, కుర్చీలు అమ్మేశారు,
చివరికి మిగిలినవి నాలుగు వేల చిల్లర పేటెంట్లు.
వాటిని కొనడానికి వీళ్లంతా కలిసి
కాగితం మీద ఓ కంపెనీని కన్నారు.
దానికి గది లేదు, గుమాస్తా లేడు,
పేరు మాత్రం ఏదో చెట్టుది.

ట్రేలో నీలం మఖ్మల్ గుడ్డ.
దాని మీద పది ఫోన్లు, పక్కపక్కనే,
ఒకటి వణికితే పక్కది కూడా కాస్త జరుగుతుంది.
ఒక దాని మీద పళ్లూడిన పిల్ల నవ్వి ఆరిపోయింది.
ఇంకోదాని మీద "అయిపోయిందా?"
మళ్లీ "అయిపోయిందా?"

మూడో రోజు పొద్దున
ఆలెన్‌టౌన్ నుంచి బస్సులో వచ్చింది డెలియా ఓస్ట్రాండర్.
డెబ్భయ్యెనిమిదేళ్లు. చేతిసంచీలో మజ్జిగ రంగు స్వెట్టరు.
పాత నోటుపుస్తకంలో సంతకం తనదేనని
చెప్పడానికి రమ్మన్నారట.
మడత ఫోను నా చేతిలో పెట్టి
ట్రే వంక చూసింది.

"వీటన్నిట్లోనూ నేనున్నాను" అంది.
"నా దాంట్లోనే లేను. అది మరీ చవకది."

టవరు పిలిచేదాకా ఫోను నిద్రపోవాలి,
పిలిచీ పిలవగానే లేవాలి,
అది ఆవిడ కనిపెట్టింది.
"అమ్మకి జబ్బు చేసిన ఏడాది
నేను అలాగే పడుకునేదాన్ని" అంది,
వాతావరణం గురించి చెప్పినట్టు.
ఒక డాలరు ముట్టినందుకు
సర్వహక్కులూ కంపెనీకి రాసిచ్చానని
అప్పట్లో అందరితో పాటు సంతకం పెట్టింది.
ఆ డాలరు మాత్రం
ఎవరూ ముట్టచెప్పలేదు.

టోకెన్ పదకొండు ఇచ్చాను.

నాలుగో రోజు వేలం.
తలుపవతల నుంచి వినపడింది ఒకే గొంతు.
ఒకటోసారి.
రెండోసారి.
ఎదురు పాట పాడాల్సినవాళ్లంతా
పాడినవాడి పక్కనే కూర్చున్నారు.
మధ్యాహ్నం దాకా సాగుతుందని తెప్పించిన శాండ్‌విచ్‌లు
రేపర్లు విప్పకుండానే చల్లారాయి.

బయటికొచ్చే హడావుడిలో
నాలుగో టోకెనుకి ఏడోది ఇచ్చేశాను,
ఏడుకి నాలుగు.
రెండూ నల్ల పలకలే, నాకేం తెలుసు.
లిఫ్టు దాకా వెళ్లి తిరిగొచ్చారు.
ముఖం ఎంత చూపించినా తెరుచుకోలేదట.
"ఇకమీద మీదీ మాదీ ఏముంది లెండి" అని
ఒకాయన నవ్వాడు.
రెండో ఆయనా నవ్వాడు,
నవ్వుతూనే చొక్కా అంచుతో
తన ఫోను రెండువైపులా తుడుచుకున్నాడు.

డెలియా ఆఖరున వచ్చింది.
సంతకం తనదేనని తేలిందట. "మంచిదే" అంది.
పార్కింగుకని దాచిన డాలరు నా జేబులో ఉంది.
చెయ్యి జేబు దాకా వెళ్లింది.
ఇస్తే ఏమనుకుంటుందోనని
ఫోను మాత్రమే ఇచ్చాను.

అందరూ పోయాక గుడ్డ దులిపి ట్రే మడిచి పెడుతుంటే
నా ఫోను జేబులో ఉలిక్కిపడి లేచింది.
ఎవరో పిలుస్తున్నారు.
రెండు మోతలు మోగేదాకా
ఎత్తకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను.