జానెడు నీలం

నలభై రెండు పేజీలు.
అచ్చయ్యాక చదివినవాళ్ళు తొమ్మిదిమంది,
అందులో ముగ్గురు తప్పులు పట్టడానికే చదివారు.
ఈ లెక్క చెప్పి గుల్‌సైరా తనే నవ్వింది.
పదకొండు వేసవులు గుర్రమెక్కి వెళ్ళి
హిమానీనదం కాళ్ళ దగ్గర సరస్సు లోతు కొలిచిన మనిషి,
మంచు కొరికి వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి.

నీ ఉద్యోగం ఏమిట్రా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.
పరిశోధన సగంలో వదిలేసినవాణ్ణి.
బిష్కెక్‌లో రెండు గదులు, ఒక ప్రింటరు.
ఇటు మాట అటు, అటు మాట ఇటు.
పిల్లలు చేస్తే చాడీలంటారు,
నాకు జీతమిస్తారు.

మొదటిసారి సరీ-కుంగేయ్ వెళ్ళినప్పుడు
బడిగోడ మీద పటాలు వేశాం.
ఎర్రగీతలు, పచ్చగీతలు, శాతాలు.
వెనక వరసలోంచి బుర్మాకాన్ లేచింది.
పాలిచ్చే గుర్రాలు పద్నాలుగు, మోకాళ్ళ నొప్పి,
మొహమాటం బొత్తిగా లేదు.
"ఇరవయ్యేళ్ళకోసారి కట్ట తెగుతుందంటున్నారు,
ఎప్పట్నించి లెక్క?
నా గుర్రాలు నీళ్ళకి పైనుంటాయా, కిందుంటాయా?"

గుల్‌సైరా నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి
"బహుశా..." అంది.

"బహుశాని ఏ రాటకి కట్టెయ్యను?"

ఉపమంత్రి కెరిమ్‌బెకొవ్ గారికి ఒక్క పేజీ కావాలి.
నలభై ఒక్కటి చింపేస్తే మిగిలేది అదే అనుకునేవాణ్ణి.
రాత్రి రెండింటికి, కళ్ళు మండుతుండగా,
ఆ బహుశాని కొట్టేసింది నేనే.
పేజీ తేలికైంది. కత్తికి పదునొచ్చినట్టుంది.
పొద్దున గుల్‌సైరా చదివి
ఏమీ అనకుండా పెన్సిలు తీసుకుని
ఆ మాట తిరిగి రాసింది,
నాకంటే చక్కటి దస్తూరీతో.
"ఇది నా పిరికితనం కాదు," అంది.
"పదకొండేళ్ళు నేను కొలిచింది దీన్నే."

రెండోసారి పటాలు పట్టుకెళ్ళలేదు.
నీలం రంగు డబ్బాలు మూడు, సున్నం కొట్టే కుంచెలు.
నీళ్ళొస్తే ఎందాకా వస్తాయో
గోడగోడకీ గీసి చూపిద్దామని.
స్కేలు పెట్టి సన్నగా మొదటి గీత గీశాను.
"అబద్ధం," అంది గుల్‌సైరా. "ఇంత సన్నగా నాకు తెలీదు."
బొటనవేలి నించి చిటికెనవేలి దాకా
చెయ్యి చాపి గోడకి ఆనించింది.
"ఇంత. ఈ జానెడులో ఎక్కడైనా."

బుర్మాకాన్ వచ్చి
ఆ నల్లబడ్డ వేళ్ళ మీద తన వేళ్ళు పరిచి చూసుకుంది.
"ముందే ఇలా చెప్పొచ్చు కదమ్మా!
పిండి కలిపేటప్పుడు నాకు మాత్రం గ్రాములు తెలుసా?"
కుంచె లాక్కుని తనే పూసింది, జానెడు వెడల్పున.
పొద్దుగూకేసరికి ఊరు నీలం నడికట్టు కట్టుకుంది.
గుర్రాల పాక మర్నాడే గుట్టపైకి కదిలింది,
ఏ నివేదికా అడక్కుండా.

ఆకులు రాలే రోజుల్లో ఉపమంత్రి వచ్చాడు.
ఫొటో కోసం బడిగోడ పక్కన నిలబెట్టారు.
నీలం సరిగ్గా ఆయన టై ముడి దగ్గర మొదలై
కళ్ళకి కాస్త కింద ఆగింది.
ఆ ఒక్క పేజీ చదివాడో లేదో తెలీదు,
గొంతు సవరించుకోవడం మాత్రం విన్నాను.

సైరన్లు ఆరడిగాం. రెండొచ్చాయి.
ఒకటి పనిచేస్తుంది.

సరస్సు ఇంకా అక్కడే ఉంది,
ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు.
ప్రతి జూన్‌లోనూ గుల్‌సైరా ఎక్కి, కొలిచి, దిగొస్తుంది,
దిగిన కాళ్ళతోనే బుర్మాకాన్ గుమ్మానికి.
జర్నల్‌కి పంపేది ఆ తర్వాతే.
ఈ ఏడు "నాలుగువేళ్ళు పైకి" అంది.

పిల్లలు ఆ పట్టీకి ఆనుకుని ఎత్తు చూసుకుంటారట.
పన్నెండేళ్ళ ఎర్మెక్ నిరుడు
నడినెత్తితో నీలం అంచు అందుకున్నాడు.
ఈసారి కొత్తరంగు ఆరకముందే వచ్చి
వీపు ఆనించి, మునివేళ్ళ మీద లేచి,
గోడకేసీ మాకేసీ చూసి తగువుకొచ్చాడు:
"నేనూ పెరిగాను కదా!"

జవాబు ఎవరు చెప్పాలో తెలీక
ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వాడి జుట్టుకి నీలం అంటింది.